బీడీ మానాక వచ్చే దగ్గు మంచిదే

"మానేసి పది దినాలైంది. దగ్గు తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది. మళ్లీ రెండు బీడీలు తాగితే సర్దుకుంది." ధర్మవరం మగ్గాల వీధుల్లో, హిందూపురం మార్కెట్‌లో చింతపండు బస్తాల నడుమ, పెనుకొండ బస్టాండు దగ్గరి టీ అంగళ్లలో పొగ మానే సంగతి కదిలిస్తే ఇలాంటి అనుభవం చెప్పేవారు తప్పక దొరుకుతారు. మానలేక చెప్పే సాకు అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తారు. కానీ ఆ మాటలో అబద్ధం లేదు. మానిన తొలి వారాల్లో కొందరికి దగ్గు నిజంగానే పెరుగుతుంది. అది ఒళ్లు బాగుపడుతోందనడానికి గుర్తు అని ముందే చెప్పేవాళ్లు లేక, మనిషి భయపడి మళ్లీ బంకు వైపు నడుస్తాడు. పొగ మానమని చెప్పడానికి ఊరంతా ఉంది. మానాక ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పే మనిషి మాత్రం కరువు.

ఊపిరితిత్తులకు గాలి వెళ్లే గొట్టాల లోపలి గోడలకు కంటికి కనబడనంత సన్నటి నూగు ఉంటుంది. వైద్యులు దాన్ని సీలియా అంటారు. ఆ నూగు ఆగకుండా ఊగుతూ, లోపలికి చేరిన దుమ్మును, తెమడను గొంతు వైపు తోసేస్తుంటుంది. ఏళ్ల తరబడి పొగ తగిలితే అది మొద్దుబారుతుంది, కొంత నశిస్తుంది కూడా. తెమడ లోపలే పేరుకుంటుంది. పొగ ఆగాక నూగు కోలుకుని మళ్లీ కదలడం మొదలుపెడుతుంది. పేరుకున్నదంతా బయటికి రావాలి కదా, అందుకే దగ్గు. కొన్ని వారాల తరువాత ఈ పని ఒక కొలిక్కి వస్తుంది. మొదటి నెల నుంచి తొమ్మిదో నెల లోపు దగ్గు, ఆయాసం రెండూ తగ్గుముఖం పడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మధ్యలో బీడీ ముట్టిస్తే దగ్గు ఆగినట్టు అనిపించడానికి కారణం ఆ నూగు మళ్లీ చచ్చుబడటమే.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. దగ్గు రెండు వారాలు దాటినా, తెమడలో నెత్తురు పడినా, సాయంత్రం పూట జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా 'మానినందుకు వచ్చిన దగ్గే' అని సరిపెట్టుకోకూడదు. ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం, చేయించుకోవాలి. పొగకూ క్షయకూ ఉన్న బంధం గట్టిది. చెన్నైలోనూ, తమిళనాడు పల్లెల్లోనూ చనిపోయిన 43 వేల మంది మగవారి వివరాలు సేకరించి గజలక్ష్మి, రిచర్డ్ పీటో తదితరులు 2003లో 'లాన్సెట్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. భారతదేశంలో క్షయతో చనిపోతున్న మగవారిలో దాదాపు సగం మంది మరణాలకు పొగ కారణమని అది తేల్చింది. దగ్గుతో ఆసుపత్రి మెట్లెక్కిన ప్రతి మనిషినీ బీడీ గురించి అడగడానికి ఈ ఒక్క లెక్క చాలు.

పొగ మానిన ఒంట్లో మార్పు నెలల తరువాత మొదలయ్యేది కాదు. చివరి బీడీ ఆర్పిన 20 నిమిషాలకే గుండె వేగం, రక్తపోటు దిగడం మొదలవుతుంది. రక్తంలోని నికోటిన్ రెండు గంటలకొకసారి సగమవుతుంది. ధర్మవరంలో రైలెక్కిన మనిషి బెంగళూరులో దిగేలోపే చాలా భాగం ఖాళీ అవుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు ఇంకొంచెం సమయం కావాలి. ఈ విషవాయువు రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట తాను కూర్చుంటుంది. రాత్రి చివరి బీడీ తాగి పడుకున్నవాడు తెల్లారి లేచేసరికి అందులో సగానికి పైగా వెళ్లిపోతుంది. తెల్లారి లేచీ లేవకముందే ఇంకొకటి ముట్టించకపోతే ఒకటి రెండు రోజుల్లో పొగ తాగని మనిషి స్థాయికి వస్తుంది. కొద్ది రోజుల్లో నాలుకకు రుచి, ముక్కుకు వాసన తిరిగి తెలుస్తాయి. సంగటిలోకి వేసుకున్న పప్పులో ఉప్పు ఎక్కువైందని ఇంట్లో తగాదా పెట్టుకునే రోజులు ఇవే.

బీడీ చిన్నదని, ఆకుతో చుట్టింది కాబట్టి సిగరెట్ కన్నా నయమని ఈ ప్రాంతంలో గట్టి నమ్మకం ఉంది. అది తప్పు. తునికాకు బీడీ తేలిగ్గా ఆరిపోతుంది. ఆరకుండా ఉండాలంటే మాటిమాటికీ, లోతుగా పీల్చాలి. ఫిల్టరూ ఉండదు. అందుకే సిగరెట్‌లో కన్నా తక్కువ పొగాకు ఉన్నా, తారు, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువే ఒంట్లోకి చేరతాయి. 2016-17లో జరిగిన జాతీయ వయోజన పొగాకు సర్వే ప్రకారం దేశంలో 7.7 శాతం మంది పెద్దలు బీడీ తాగుతుంటే, సిగరెట్ తాగేవారు 4 శాతం. భారతీయుల మరణాల మీద ప్రభాత్ ఝా బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో బీడీ తాగే మగవారు సుమారు ఆరేళ్లు, బీడీ తాగే ఆడవారు సుమారు ఎనిమిదేళ్లు ఆయుష్షు కోల్పోతున్నారని తేలింది.

మానిన తొలి వారాల దగ్గరికి మళ్లీ వద్దాం. మానేవాడు గెలిచేదీ ఓడేదీ అక్కడే.

నికోటిన్ అందని మెదడు రెండో రోజు, మూడో రోజు గట్టిగా మొండికేస్తుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం, ఆకలి పెరగడం మామూలు. రెండు నుంచి నాలుగు వారాల్లో ఇవి నెమ్మదిస్తాయి. కొందరికి నోట్లో పుండ్లు లేస్తాయి. ఇంకొందరికి చిగుళ్ల నుంచి నెత్తురు కనబడుతుంది. నికోటిన్ ఇన్నాళ్లూ చిగుళ్లలోని నెత్తుటి నాళాలను బిగించి ఉంచడం వల్ల లోపలి జబ్బు బయటపడలేదు, ఇప్పుడు పడుతోంది. పళ్ల డాక్టరును కలవాల్సిన సమయం అది. మలబద్ధకం మరో బాధ. 'బీడీ తాగితే గానీ పొద్దున కడుపు కదలదు' అనేది పల్లెల్లో బీడీ కట్టను కాపాడుతున్న అతి బలమైన వాదన. నికోటిన్ పేగులను కదిలిస్తుంది కాబట్టి అదీ నిజమే. కానీ పేగులు కొద్ది వారాల్లో సొంతంగా పని చేయడం నేర్చుకుంటాయి. అందాకా నీళ్లు, ఆకుకూరలు, పీచు ఉన్న కొర్రలు, రాగులు సాయపడతాయి. ఇవి కరువు సీమ పొలాల్లో పుట్టిన తిండే.

టీ సంగతి మాత్రం చాలామంది డాక్టర్లు కూడా చెప్పరు. పొగలోని కొన్ని రసాయనాలు కాలేయాన్ని తొందరపెట్టి కెఫీన్‌ను వేగంగా ఖర్చు చేయిస్తాయి. పొగ ఆగిన కొద్ది రోజులకే కాలేయం మామూలు వేగానికి వస్తుంది. అప్పుడు అవే ఐదారు టీలు తాగినా రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలుస్తుంది. చేతులు వణుకుతాయి, గుండె దడ పుడుతుంది, రాత్రి నిద్ర రాదు. మనిషి మాత్రం బీడీ మానినందుకే ఇలా అయిందని అనుకుంటాడు. టీలు సగానికి తగ్గిస్తే ఈ బాధ చాలావరకు పోతుంది. పైగా టీ, బీడీ జంటగా నడిచే అలవాటు కాబట్టి అంగడి దగ్గర నిలబడే వేళలూ తగ్గుతాయి. ఇదే కారణం వల్ల ఆయాసానికి డెరిఫిలిన్ వంటి థియోఫిలిన్ మాత్రలు వేసుకునేవారు, మానసిక వ్యాధులకు ఓలాంజపిన్, క్లోజపిన్ వాడేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు పొగ మానిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. మోతాదు మార్చాల్సి రావచ్చు.

బరువు పెరుగుతుందన్నదీ నిజమే. మానిన ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు వస్తాయి. దాని వల్ల గుండెకు కలిగే హాని, పొగ ఆగడం వల్ల దక్కే మేలు ముందు చాలా చిన్నది.

ధర్మవరానికి ఈ విషయంలో ప్రత్యేకంగా చెప్పాల్సింది కాళ్ల గురించి. గుంత మగ్గం మీద కూర్చున్న నేతగాడికి చేతులెంతో కాళ్లూ అంతే. రోజంతా గుంతలో కాళ్లతో తొక్కుతుంటేనే పట్టుచీర ముందుకు సాగుతుంది. బీడీ తాగే మగవారిలో, అదీ 45 ఏళ్లలోపు వారిలో, బర్జర్స్ వ్యాధి అనే జబ్బు భారతదేశంలో ఎక్కువగా కనబడుతుంది. కాళ్ల చిన్న నెత్తుటి నాళాలు వాచి, మూసుకుపోతాయి. మొదట నడిస్తే పిక్కలు, పాదాలు పట్టేస్తాయి. తరువాత కూర్చున్నా నొప్పి తగ్గదు. వేలి కొస మీద మానని పుండు పడి, వేలు నల్లబడుతుంది. దీన్ని ఆపే మందు అంటూ కచ్చితంగా ఏదీ లేదు, పొగాకు పూర్తిగా మానడం తప్ప. వేళ్లు కుళ్లక ముందే మానినవారిలో కాలు తీసేయాల్సిన పరిస్థితి అరుదు. రోజుకు ఒకటో రెండో తాగుతూ ఉంటే చాలు, జబ్బు ముందుకే నడుస్తుంది. ఆపరేషన్ గదికీ ఆరోగ్యానికీ మధ్య ఒక అలవాటు మాత్రమే అడ్డుగా నిలిచే జబ్బులు వైద్యంలో చాలా తక్కువ. నడిస్తే పిక్క పట్టేస్తోందని చెప్పే నేతన్నకు నొప్పి మాత్రలు రాసి పంపడం ఈ ఊళ్లలో మానాలి.

గుండె లెక్క ఇంకా ఆశ కలిగిస్తుంది. మానిన ఏడాదికి గుండెపోటు ముప్పులో, పొగ వల్ల అదనంగా వచ్చిన భాగం సగానికి పడిపోతుంది. పదిహేనేళ్లకు అసలు పొగ తాగని మనిషి ముప్పుకు దగ్గరవుతుంది. 1991లో పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ మొదలైనప్పటి నుంచి ఈ జిల్లా పేదవాడికి గుండె ఆపరేషన్ ఉచితంగా అందుతోంది. అంత గొప్ప వరం పొరుగునే ఉన్న జిల్లాలో, ఆపరేషన్ దాకా రాకుండా ఆపే పనికి కూడా అంతే పట్టుదల ఉండాలి. 'తగ్గించాను, అన్నం తిన్నాక ఒక్కటే' అనేవారు ధర్మవరం, హిందూపురం, పెనుకొండ మూడు ఊళ్లలోనూ ఎందరో. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం రోజుకు ఒక్క సిగరెట్ తాగేవారికి, ఇరవై తాగేవారికి ఉండే అదనపు గుండె జబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుంది. ఇరవైలో ఒక వంతు ముప్పే అనుకునేవారికి ఇది చేదు నిజం. తగ్గించడం మానడానికి మెట్టు కావచ్చు, అక్కడే ఆగిపోతే గుండెకు పెద్దగా ఒరిగేది లేదు.

ఊపిరి విషయంలో మాత్రం నిజాయితీగా మాట్లాడాలి. పోయిన ఊపిరితిత్తి మొత్తం తిరిగి రాదు. అమెరికా, కెనడాలలో వేలాది మందిని గమనించిన లంగ్ హెల్త్ స్టడీ పదకొండేళ్ల ఫలితాలు 2002లో వచ్చాయి. తాగుతూనే ఉన్న మగవారిలో ఒక సెకనులో బలంగా ఊదగలిగే గాలి ఏటా 66 మిల్లీలీటర్ల చొప్పున తగ్గిపోగా, మానినవారిలో ఆ తగ్గుదల 30 మిల్లీలీటర్ల దగ్గరే ఉంది. వయసుతో అందరికీ ఎంత తగ్గుతుందో దాదాపు అంతే. అంటే నష్టం ఆగిన చోటు నుంచి మనిషి మామూలుగా ముసలివాడవుతాడు. యాభై ఏళ్లకు పెనుకొండ కొండ ఎక్కుతూ నాలుగుచోట్ల కూలబడే మనిషి, మానితే అరవై ఏళ్లకూ అలాగే ఆగుతూ ఎక్కవచ్చు. మానకపోతే అరవైకి ఇంటి అరుగు దిగడానికే ఆయాసపడవచ్చు. నూలు మిల్లుల్లో దుమ్ము పీల్చేవారికి, పట్టుగూళ్లు ఉడికించే చోట కట్టెల పొగలో నిలబడేవారికి బీడీ మరింత చేటు. రెండు పొగల దెబ్బ ఒకే ఊపిరితిత్తి కాయాలి.

క్యాన్సర్ దగ్గర తెలుగు నేల నుంచే ఒక పాఠం ఉంది. శ్రీకాకుళం జిల్లాలో ఆడవారు చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు వల్ల అంగిట్లో క్యాన్సర్లు వచ్చేవి. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ దంత పరిశోధకులు శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాల పల్లెల్లో 36 వేల మంది పొగాకు వాడకందారులను ఎంచుకుని, ఏటా ఇంటింటికీ వెళ్లి నోరు పరీక్షించారు, ఎదురుగా కూర్చుని మానమని చెప్పారు. 1986లో 'లాన్సెట్'లో వచ్చిన ఫలితాల ప్రకారం మానినవారు, తగ్గించినవారు పెరిగారు. క్యాన్సర్‌కు ముందు దశ అయిన నోటి మచ్చలు కొత్తగా రావడం తగ్గింది. మందుల్లేవు, యంత్రాల్లేవు. మనిషి ఇంటికొచ్చి, పేరు పెట్టి పిలిచి, మళ్లీ వచ్చే ఏడు వస్తానని చెప్పాడు. నలభై ఏళ్ల కిందట శ్రీకాకుళం పల్లెల్లో సాధ్యమైంది నేడు హిందూపురంలో ఎందుకు సాధ్యం కాదు?

ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు మానిన పదేళ్లకు సగమవుతుంది. మానడానికి వయసు మించిపోయిందనేవారికి బ్రిటన్ డాక్టర్ల లెక్క జవాబు. రిచర్డ్ డాల్ 1951లో మొదలుపెట్టి యాభై ఏళ్లు నడిపిన ఆ పరిశీలనలో ముప్పై ఏళ్లకు మానినవారికి పదేళ్లు, నలభైకి మానితే తొమ్మిదేళ్లు, యాభైకి ఆరేళ్లు, అరవైకి మూడేళ్లు ఆయుష్షు కలిసివచ్చింది. అరవై ఏళ్ల మనిషికి మూడేళ్లంటే మనవరాలి పెళ్లి చూడటం.

ఇంత మేలు ఉందని తెలిసీ మానలేకపోవడం సంకల్పం లోపం కాదు. ఏ సాయమూ లేకుండా మానడానికి ప్రయత్నించిన నూరు మందిలో ఆరు నెలల తరువాత కూడా నిలిచేది ముగ్గురు నుంచి ఐదుగురే. నికోటిన్ గమ్, ప్యాచ్ వంటివి ఆ అవకాశాన్ని సుమారు ఒకటిన్నర రెట్లు చేస్తాయి. ఎవరైనా ఫోన్ చేసి పలకరిస్తూ ఉంటే ఇంకా పెరుగుతుంది. కేంద్రం 2022లో నికోటిన్ ప్రత్యామ్నాయ మందులను జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో పెద్దల కోసం తొలిసారి పొగాకు మాన్పించే చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా గమ్ ఎలా వాడాలో చెప్పేవాళ్లు లేక, గబగబా నమిలి, రసం మింగి, ఎక్కిళ్లు, గుండెల్లో మంట వచ్చి పారేసేవారు ఉన్నారు. కాస్త నమిలి, ఘాటు తగలగానే దవడకూ చిగురుకూ మధ్య ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. చెప్పడానికి ఒక నిమిషం చాలు. జాతీయ సర్వేలోనే, వైద్యం కోసం వెళ్లిన పొగతాగేవారిలో డాక్టర్లు మానమని సలహా ఇచ్చింది 48.8 శాతం మందికి మాత్రమే.

ఈ మూడు నియోజకవర్గాలకు ఇప్పుడు ఒక అరుదైన అవకాశం ఉంది. ధర్మవరం నుంచి గెలిచిన సత్యకుమార్ యాదవ్ 2024 జూన్ నుంచి రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి. పెనుకొండ శాసనసభ్యురాలు ఎస్. సవిత చేనేత, జౌళి శాఖ మంత్రి. హిందూపురం శాసనసభ్యుడు నందమూరి బాలకృష్ణ హైదరాబాద్‌లోని బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రికి చైర్మన్. ఆరోగ్యం, మగ్గం, క్యాన్సర్ మూడూ ఈ మూడు ఊళ్ల ప్రతినిధుల చేతుల్లోనే ఉన్నాయి. రాష్ట్రంలో ఆరోగ్య సిబ్బంది ఇప్పటికే ఇంటింటికీ వెళ్లి బీపీ, షుగర్, నోటి క్యాన్సర్ పరీక్షలు చేస్తున్నారు. అదే గడపలో ఇంకో పని చేయించాలి. తాగేవాడి చేత మానే తేదీ చెప్పించి, తొలి మూడు వారాల్లో మూడుసార్లు పలకరించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గమ్ ఉచితంగా ఇవ్వాలి. చేనేత సహకార సంఘాల్లో కాళ్ల పరీక్ష శిబిరం పెట్టాలి. కర్ణాటకను చూసి నేర్చుకోవాల్సిందీ ఉంది. అక్కడ 2025లో అమల్లోకి వచ్చిన సవరణతో పొగాకు కొనే వయసు 21కి, బహిరంగంగా తాగితే జరిమానా వెయ్యి రూపాయలకు పెరిగాయి. సరిహద్దు దాటి హిందూపురం వస్తే వయసు 18, జరిమానా 200. ఈ తేడా పోవాలి.

ఇళ్లలోని ఆడవారికీ, పిల్లలకూ ఒక మాట. ఇంట్లో ఎవరైనా మానితే మొదటి వారం చిరాకుపడతారు, అరుస్తారు, రాత్రి దగ్గుతారు. 'ఇంతకన్నా తాగినప్పుడే బాగుండె' అని మాత్రం అనకండి. బీడీకి బదులు గుట్కా, ఖైనీ జేబులోకి చేరకుండా చూడండి. ఒకసారి తప్పి తాగితే మొత్తం పోయినట్టు తిట్టకండి, మర్నాటి నుంచి మళ్లీ మొదలుపెట్టించండి. సాయం కావాలంటే జాతీయ పొగాకు క్విట్‌లైన్ నంబరు 1800-11-2356. ఫోన్‌కు డబ్బులు పడవు. 2018 సెప్టెంబరు నుంచి ఆ నంబరు ప్రతి సిగరెట్ పెట్టె మీద, బీడీ కట్ట మీద అచ్చువేయాలన్నది చట్టం.